తెలిసిన పదాలే ముంచుతాయి: ఇంగ్లిష్ ప్యాసేజ్‌లో మార్కులు ఎక్కడ పోతున్నాయి

పోటీ పరీక్షలకు చదివేవాళ్ల ఇంగ్లిష్ నోట్సు తెరిస్తే చాలావరకు ఒకే తీరు కనిపిస్తుంది. పేజీ మధ్యలో నిలువు గీత, ఎడమవైపు ఇంగ్లిష్ పదం, కుడివైపు తెలుగు అర్థం. రోజుకు 20 పదాలు, నెలకు 600. అంత కష్టపడ్డాక కూడా మాక్ టెస్ట్‌లో రీడింగ్ కాంప్రహెన్షన్ దగ్గరికి వచ్చేసరికి సగం జవాబులు తప్పుతాయి. వొకాబులరీ చాలలేదేమో అనిపించి, మర్నాటి నుంచి ఆ 20 కాస్తా 30 అవుతుంది.

తప్పిన ఆ ప్రశ్నల్ని ఒకసారి తీరిగ్గా తెరిచి చూడమని నా మనవి. ఏ మాట దగ్గర కాలు జారిందో వేలు పెట్టి వెతకండి. అక్కడ తెలియని పదం ఉండటం తక్కువే. తెలుసనుకున్న పదం ఉంటుంది. లేకపోతే అన్నీ తెలిసిన పదాలే ఉండి, వాటి అల్లిక పట్టుబడని వాక్యం ఉంటుంది. ఈ రెండింటికీ ఆ నిలువు గీత నోట్సులో చోటు లేదు. అందుకే పదాలు పెరుగుతున్నా మార్కులు పెరగవు.

మన నోట్లో ఒక అర్థం, ప్యాసేజ్‌లో మరో అర్థం

'సాంక్షన్' అనే మాట తీసుకోండి. లోను సాంక్షన్ అయింది, పోస్టులు సాంక్షన్ అయ్యాయి అని రోజూ అంటాం. అంటే మంజూరు. ఇప్పుడు ప్యాసేజ్‌లో ఒక దేశం మీద మిగతా దేశాలు 'సాంక్షన్స్' విధించాయని వస్తుంది. అక్కడ ఆ మాటకు ఆంక్షలు అని అర్థం. మంజూరు అనే అర్థంతో చదివితే పేరా మొత్తం తలకిందులవుతుంది. పైగా ఆ పదం మనకు కొత్త కాదు కాబట్టి అనుమానం రాదు, ఆగి చూసుకోం. తెలియని పదమైతే కనీసం ఒక క్షణం ఆగేవాళ్లం.

'క్వాలిఫై' ఇంకా ఎక్కువ దెబ్బ తీస్తుంది. పరీక్ష రాసేవాళ్లకు ఆ మాట ఊపిరి లాంటిది. ప్రిలిమ్స్ క్వాలిఫై అయ్యాను, కటాఫ్ దాటాను. కానీ ఒక రచయిత కొత్త విధానానికి 'క్వాలిఫైడ్ సపోర్ట్' ఇచ్చాడంటే షరతులతో కూడిన మద్దతు అని. "సరే, మంచిదే గానీ..." అన్న ధోరణి. రచయిత వైఖరి ఏమిటని అడిగే ప్రశ్న ఒక్కోసారి ఈ ఒక్క మాట మీదే నిలబడుతుంది. పూర్తిగా సమర్థిస్తున్నాడు అనే ఆప్షన్ పెట్టినవాళ్లకు మార్కు పోతుంది.

ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. సమస్యను 'అడ్రస్' చేయడమంటే దాని సంగతి చూడటం. ధరల పతనాన్ని 'అరెస్ట్' చేయడమంటే ఆపడం. మాటల్లో 'ఎకానమీ' అంటే పొదుపు. 'రివర్ట్' అనేది మన ఆఫీసు మెయిళ్లలో జవాబివ్వడం, పరీక్షలో మాత్రం వెనకటి స్థితికి తిరిగి వెళ్లడం. 'టెన్షన్' మనకు గుండెదడ. ప్యాసేజ్‌లో రెండు ఆలోచనల మధ్య టెన్షన్ ఉందంటే ఆ రెండూ పొసగడం లేదని. 'ఓవర్‌సైట్' అయితే పర్యవేక్షణ కావచ్చు, పొరపాటు కూడా కావచ్చు. ఏదో ఆ పక్కనున్న మాటలే చెప్పాలి.

కారణం సులువుగానే తెలుస్తుంది. ఈ పదాలు తెలుగులోకి వచ్చేటప్పుడు ఒకటో రెండో అర్థాలు వెంట తెచ్చుకుని మిగతావి అక్కడే వదిలేశాయి. మన నోట్లో అవి తెలుగు పదాలే. కాబట్టి వొకాబులరీ నోట్సు మొదలుపెట్టేవాళ్లు అరుదైన పదాలకంటే ముందు ఈ జాబితా రాసుకోవాలని నేను గట్టిగా చెబుతాను. రోజూ మనం వాడే ఇంగ్లిష్ మాటలు ఓ 200 తీసుకుని, ఒక్కోదానికి నిఘంటువులో ఉన్న రెండో అర్థం, మూడో అర్థం చూడండి. ఆ పని వారం పది రోజుల్లో అయిపోతుంది.

వాక్యాన్ని ఎటు నుంచి విప్పాలి

"నిన్న బ్యాంకు నుంచి వచ్చిన ఉత్తరం" అంటాం మనం. వివరం ముందు, వస్తువు తర్వాత. ఇంగ్లిష్‌లో ఉత్తరం ముందొస్తుంది, నిన్న బ్యాంకు నుంచి వచ్చిన సంగతి దాని వెనకాల తోకలా వస్తుంది. తెలుగులో క్రియ చివర ఉంటుంది, ఇంగ్లిష్‌లో కర్తకు దగ్గర్లో ఉండాలి. పొట్టి వాక్యాల్లో ఈ తేడా ఇబ్బంది పెట్టదు. కర్తకీ క్రియకీ మధ్య ఆ తోక దూరినప్పుడే చిక్కు.

ఈ వాక్యం చూడండి: "ది క్లెయిమ్ దట్ మెషీన్స్ డిస్ట్రాయ్ జాబ్స్ ఇగ్నోర్స్ హిస్టరీ." ఎనిమిది పదాలు. ఒక్కటీ కష్టమైనది కాదు. గబగబా చదివినవాళ్ల మనసులో మిగిలేది "యంత్రాలు ఉద్యోగాల్ని పోగొడతాయి" అన్న మాట. రచయిత అన్నది దానికి ఎదురు. ఇక్కడ కర్త 'క్లెయిమ్', దాని క్రియ 'ఇగ్నోర్స్'. యంత్రాలు ఉద్యోగాల్ని పోగొడతాయనే వాదన చరిత్రను పట్టించుకోవడం లేదు అని రచయిత తప్పుపడుతున్నాడు. మధ్యలో ఉన్న నాలుగు పదాలు వేరేవాళ్ల మాట. ఆప్షన్లలో "రచయిత అభిప్రాయంలో యంత్రాల వల్ల ఉద్యోగాలు పోతాయి" అని ఒకటి తప్పకుండా ఉంటుంది, చాలామంది దాన్నే ఎంచుకుంటారు.

దీనికి సాధన ఒకటే. పెద్ద వాక్యం కనబడగానే రెండు ప్రశ్నలు వేయాలి: ఎవరు లేదా ఏది? ఏం చేసింది? కర్త కింద ఒక గీత, దాని క్రియ కింద ఒక గీత. మిగతాదంతా తర్వాత. మొదట్లో పెన్సిల్‌తో కాగితం మీద చేయాలి. రోజుకు పది వాక్యాలు చేసినా, కొన్ని వారాలకు కన్ను తనంతట తానే ఆ రెండింటినీ పట్టుకోవడం మొదలుపెడుతుంది. కంప్యూటర్ తెర మీద గీతలు గీసే వీలుండదు కాబట్టి ఈ అలవాటు ముందే కంటికి పట్టాలి.

ఇంకో కష్టమైన వాక్యం: "ది కోర్ట్, వైల్ నాట్ డినయింగ్ దట్ ది పాలసీ హ్యాడ్ రెడ్యూస్డ్ కాస్ట్స్, వాజ్ లెస్ దేన్ కన్విన్స్డ్ దట్ ఇట్ హ్యాడ్ డన్ సో ఫెయిర్లీ." కర్త కోర్టు. క్రియ 'వాజ్'. మధ్యలో 'నాట్ డినయింగ్', అంటే కాదనకపోవడం, అంటే ఒప్పుకోవడం. ఖర్చులు తగ్గాయని కోర్టు ఒప్పుకుంది. 'లెస్ దేన్ కన్విన్స్డ్' అంటే కొంచెం తక్కువ నమ్మింది అనుకోకూడదు. ఇంగ్లిష్‌లో అది నమ్మలేదని మర్యాదగా చెప్పే తీరు. అంటే ఖర్చు తగ్గిన మాట నిజమే, న్యాయంగా తగ్గించారన్న మాట మాత్రం కోర్టుకు రుచించలేదు.

దీని మీద నాలుగు ఆప్షన్లు ఇలా వస్తాయనుకోండి. ఒకటి: విధానం ఖర్చులు తగ్గించలేకపోయిందని కోర్టు భావించింది. రెండు: విధానం పూర్తిగా అన్యాయమైనదని కోర్టు కొట్టేసింది. మూడు: ఖర్చులు ఇంకా తగ్గాలని కోర్టు కోరింది. నాలుగు: ఫలితాన్ని ఒప్పుకున్నా, అది న్యాయంగా జరిగిందా అన్న విషయంలో కోర్టుకు అనుమానాలున్నాయి. మొదటిది 'నాట్ డినయింగ్' దగ్గర తడబడినవాళ్ల కోసం. రెండోది ఉన్నదాన్ని పెంచి చెబుతుంది. మూడోది వినడానికి సబబుగా ఉంటుంది గానీ వాక్యంలో లేదు. ప్రశ్నలు తయారుచేసేవాళ్లు తప్పు ఆప్షన్లను ఊరికే రాయరు, ఒక్కోటి ఒక్కో రకం పొరపాటుకు సరిగ్గా అతికేలా రాస్తారు. అందుకే తప్పు జవాబు చదివినప్పుడు అచ్చం సరైనదే అనిపిస్తుంది. సరైనది మాత్రం చాలాసార్లు చప్పగా, ఆచితూచి మాట్లాడినట్టు ఉంటుంది.

'అట' లేని భాష

తెలుగులో ఒక అందమైన సదుపాయం ఉంది. "పేదల కోసం చేశారు" అంటే ఒక మాట. "పేదల కోసం చేశారట" అంటే ఇంకో మాట. ఆ చిన్న 'ట'తో, ఇది నా మాట కాదు, విన్నది చెబుతున్నాను అని తేలిపోతుంది. గొంతు కాస్త మారిస్తే నేను నమ్మడం లేదు అని కూడా.

ఇంగ్లిష్ క్రియకు ఈ 'ట' తగిలించే వీల్లేదు. ఆ పనిని వేరే మాటలు చేస్తాయి: 'అలెజెడ్లీ', 'ఆస్టెన్సిబ్లీ', 'పర్పోర్టెడ్లీ', 'సీమింగ్లీ', 'సో-కాల్డ్'. 'ఆస్టెన్సిబ్లీ' ఉందంటే పైకి చెప్పే కారణం అది, అసలు కారణం వేరే అని రచయిత సూచిస్తున్నట్టు. వేగంగా చదివేటప్పుడు మనం మొదట దాటేసేది ఈ మాటలనే. రచయిత గొంతు, అంటే టోన్ ఎలాంటిదని అడిగే ప్రశ్నలు చాలావరకు వాటి మీదే ఉంటాయి. అవి కనబడగానే మనసులో ఒక 'అట' చేర్చి చదివి చూడండి. రచయిత గొంతు ఒక్కసారిగా వినిపిస్తుంది.

'ఫ్యూ', 'ఎ ఫ్యూ' కూడా ఈ కోవలోవే. 'ఎ ఫ్యూ' అంటే కొన్ని ఉన్నాయి. 'ఫ్యూ' అంటే దాదాపు లేవు. ఒక్క 'ఎ' తీసేస్తే ఆశ నిరాశగా మారిపోతుంది. 'హార్డ్లీ', 'స్కేర్స్‌లీ' చూడటానికి వ్యతిరేకార్థంలా కనబడవు గానీ అవీ అంతే.

మరి వొకాబులరీ ఎంత కావాలి

పదాలు అక్కర్లేదని నేను అనడం లేదు. న్యూజిలాండ్ భాషావేత్త పాల్ నేషన్ 2006లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఇంగ్లిష్ నవలలు, వార్తాపత్రికలు ఎవరి సాయం లేకుండా చదవాలంటే సుమారు 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు తెలిసుండాలి. పద కుటుంబమంటే ఒక మూలపదం, దాని రూపాలూ కలిపి. అప్పుడు చదివేదాంట్లో 98 శాతం పదాలు తెలిసినవే అవుతాయి. అంటే 400 పదాల ప్యాసేజ్‌లో ఎనిమిది తెలియకుండా మిగులుతాయి. ఆ ఎనిమిదిని పక్క మాటల ఆధారంతో ఊహించవచ్చు. 40 తెలియకపోతే ఊహకు ఆధారమే ఉండదు.

తొమ్మిది వేలు అనగానే భయపడనక్కర్లేదు. ఎక్కువ పని చేసేవి కొన్నే. అదే దేశానికి చెందిన ఆవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన అకడమిక్ వర్డ్ లిస్ట్‌లో 570 పద కుటుంబాలున్నాయి. చదువుకు సంబంధించిన గ్రంథాల్లో దాదాపు పది శాతం పదాలు వాటివే. పరీక్ష ప్యాసేజ్‌లు చాలావరకు అదే ధోరణిలో ఉంటాయి కాబట్టి, వింతైన పదాల వెంటపడేముందు ఈ 570 పూర్తిచేయడం లాభం.

అయితే ఎలా రాసుకోవాలన్నదే అసలు సంగతి. తెలుగునే చూడండి. చొక్కా తొడుక్కుంటాం, చీర కట్టుకుంటాం, బొట్టు పెట్టుకుంటాం, పూలు ముడుచుకుంటాం. ఇంగ్లిష్‌లో అన్నిటికీ 'వేర్' సరిపోతుంది. తెలుగు నేర్చుకునే మనిషి "చీర తొడుక్కుంది" అంటే అర్థమవుతుంది గానీ చెవికి గుచ్చుకుంటుంది. ఇంగ్లిష్‌లో మనకు జరిగేదీ ఇదే. నోట్సులో 'మిటిగేట్ = తగ్గించు', 'అలీవియేట్ = తగ్గించు', 'కర్టెయిల్ = తగ్గించు', 'స్లాష్ = తగ్గించు' అని నాలుగు వరసలు ఉంటాయి. క్లోజ్ టెస్ట్‌లో (పేరాలోని ఖాళీలను సరైన పదంతో నింపే ప్రశ్న) ఆ నాలుగూ ఆప్షన్లుగా వస్తే ఆ నోట్సు ఎందుకూ పనికిరాదు.

అదే నోట్సును తోడుతో సహా రాస్తే? 'మిటిగేట్' పక్కన రిస్క్, ఇంపాక్ట్. 'అలీవియేట్' పక్కన పెయిన్, పావర్టీ. 'కర్టెయిల్' పక్కన ఫ్రీడమ్, పవర్స్. 'స్లాష్' పక్కన ప్రైసెస్, బడ్జెట్. ఖాళీ పక్కన 'పావర్టీ' ఉందంటే చెయ్యి తనంతట 'అలీవియేట్' మీదికి వెళుతుంది. ఏ పదం ఏ పదంతో స్నేహం చేస్తుందో తెలియడమే క్లోజ్ టెస్ట్‌లో సగం జవాబు.

గుర్తుంచుకోవడం గురించి ఒక్క మాట. చదివిందే మళ్లీ మళ్లీ చదివితే బాగా వచ్చినట్టు అనిపిస్తుంది. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ పరిశోధకులు 2006లో దీన్ని పరీక్షించి చూశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లు ముందున్నారు. వారం తర్వాత అడిగితే, చదివింది మూసేసి గుర్తు తెచ్చుకునే ప్రయత్నం చేసినవాళ్లు ముందుకొచ్చారు. కాబట్టి కుడివైపు భాగాన్ని చేత్తో మూసి, తోడు పదాలు చెప్పగలుగుతున్నారో లేదో చూసుకోండి. మర్నాడు ఒకసారి, మూడు రోజులకు ఒకసారి, వారానికి ఒకసారి.

తెలుగు పేపర్ కూడా తయారీయే

చాలామంది నమ్మని సంగతి ఒకటుంది. 1988లో రెచ్ట్, లెస్లీ అనే పరిశోధకులు అమెరికాలో స్కూలు పిల్లలతో బేస్‌బాల్ ఆట గురించిన కథ చదివించారు. చదవడంలో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలు, చదవడంలో ముందున్నా ఆట తెలియని పిల్లలకంటే కథను బాగా గుర్తుపెట్టుకున్నారు, బాగా అర్థం చేసుకున్నారు. విషయం తెలిసుండటం అంత బలం ఇస్తుంది.

రెపో రేటు (రిజర్వ్ బ్యాంకు మిగతా బ్యాంకులకు ఇచ్చే అప్పు మీద వడ్డీ) పెంచితే అప్పులు ఎందుకు ఖరీదవుతాయో తెలిసినవాళ్లకు, దాని మీద ఇంగ్లిష్ ప్యాసేజ్ సగం తెలిసిన దారి. ఆ సంగతి తెలుగులో తెలిసినా చాలు. అందుకే ఇంగ్లిష్ ఎడిటోరియల్‌తో కుస్తీ పట్టేముందు అదే అంశం మీద తెలుగు పేపర్లో వచ్చిన వ్యాసం చదవడం తప్పేమీ కాదు. తెలుగు మీడియం వాళ్లు తమ వెనకబాటు అనుకునేదాన్ని ఇక్కడ మెట్టుగా వాడుకోవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. జవాబు ప్యాసేజ్ నుంచే రావాలి. మనకు తెలిసిన నిజాన్ని రచయిత నోట్లో పెట్టకూడదు.

ఏ పరీక్ష ఏం అడుగుతుంది

అన్నిటికీ ఒకే తయారీ పనికిరాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు జరిగే ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ మొదటి దశ, అంటే టైర్-1లో ఇంగ్లిష్ 25 ప్రశ్నలు. పర్యాయపదాలు, వ్యతిరేక పదాలు, జాతీయాలు, ఒక్కమాటలో చెప్పేవి విడిగా అడుగుతారు. పాత పేపర్ల జాబితాలు నిజంగా పనికొచ్చే చోటు అదే. బ్యాంకు ఆఫీసర్ ఉద్యోగాలకు జరిగే ఐబీపీఎస్ పీఓ ప్రిలిమ్స్‌లో ఇంగ్లిష్ 30 ప్రశ్నలకు 20 నిమిషాలు, కాబట్టి అక్కడ వేగం కీలకం. సివిల్స్ ప్రిలిమ్స్‌లో రెండో పేపరైన యూపీఎస్‌సీ సీశాట్ 2015 నుంచి 33 శాతం వస్తే చాలు అనే పేపర్ అయింది. అయినా అందులో ప్యాసేజ్‌లు తేలిక కాదు. పదాలు మామూలువే ఉంటాయి, ప్యాసేజ్‌లు పొట్టిగానే ఉంటాయి, కానీ రచయిత దేన్ని ముందే నిజమని అనుకున్నాడు, దీన్నుంచి తార్కికంగా ఏం తేలుతుంది అని అడుగుతారు. అక్కడ పదాల జాబితా ఒక్క మార్కు కూడా తెచ్చిపెట్టదు. లా కోర్సుల ప్రవేశ పరీక్ష క్లాట్‌లో 2020 నుంచి పేపరంతా ప్యాసేజ్‌ల చుట్టూనే తిరుగుతుంది.

నెగెటివ్ మార్కుల లెక్క కూడా తెలిసుండాలి. సీశాట్‌లో సరైనదానికి 2.5, తప్పుకు అందులో మూడో వంతు కోత. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెడితే సగటున వచ్చేది సున్నా. ఒక్క ఆప్షన్ అయినా ఖాయంగా తప్పని తేల్చగలిగితే లెక్క మనవైపు మొగ్గుతుంది. సీజీఎల్ టైర్-1లో సరైనదానికి 2, తప్పుకు 0.50 కాబట్టి ఇంకొంచెం అనుకూలం. ఇక్కడ 'ఖాయంగా' అన్న మాటే ముఖ్యం. "ఎందుకో కాదనిపిస్తోంది" అని తీసేసిన ఆప్షనే సరైనదైతే ఈ లెక్క పనిచేయదు. తీసేసేముందు ప్యాసేజ్‌లో ఏ లైను దాన్ని కాదంటోందో చూపించగలగాలి.

వేగం గురించి కంగారుపడేవాళ్లకు: ఇంగ్లిష్‌లో కథలు కాని రచనలను పెద్దవాళ్లు మౌనంగా చదివే సగటు వేగం నిమిషానికి 238 పదాలని, ఎన్నో పరిశోధనల ఫలితాలను కలిపి చూసి 2019లో లెక్కగట్టారు. 450 పదాల ప్యాసేజ్‌కు ఆ లెక్కన రెండు నిమిషాలకు కాస్త తక్కువే పడుతుంది. మన వేగం నిమిషానికి 150 ఉంటే మూడు నిమిషాలు. తేడా సుమారు ఒక్క నిమిషమే. అర్థంకాక రెండోసారి, మూడోసారి చదివితే పోయే సమయం దానికంటే ఎక్కువ. ఒక్కసారికే పట్టుబడేలా చదవడం నేర్చుకుంటే వేగం దానంతట అదే వస్తుంది.

రోజుకు ఒక్క ప్యాసేజ్ చాలు, రెండుసార్లు చేస్తే. మొదటిసారి గడియారం పెట్టుకుని, పరీక్షలో లాగే. కీ చూడకండి. రెండోసారి గడియారం లేకుండా, ప్రతి జవాబు పక్కన దానికి ఆధారమైన లైను రాసి. ఆ తర్వాతే కీ. రెండోసారి కూడా తప్పితే అర్థంకావడంలో లోటు. రెండోసారి సరిదిద్దుకోగలిగితే తొందర వల్ల పోయిన మార్కు. ఈ రెండింటికీ మందు వేరువేరు. అయిదు ప్యాసేజ్‌లు చేసి స్కోరు మాత్రం రాసుకునేవాళ్లకు ఈ తేడా ఎప్పటికీ తెలియదు.

తప్పుల నోట్సులో ప్రశ్న నంబర్ కాకుండా తప్పు ఏ రకమో రాయండి. నిలువు గీత నోట్సు ఎలాగూ ఉంది, అందులోనే చివరి పేజీల్లో నాలుగు గడులు గీస్తే సరిపోతుంది: తెలియని పదం, తెలుసనుకున్న పదం, వాక్యం అల్లిక, ఆప్షన్ ఉచ్చు. ప్రతి తప్పుకూ దాని గడిలో ఒక చుక్క పెట్టండి. ఇరవై ప్యాసేజ్‌లయ్యాక ఏ గడిలో చుక్కలు ఎక్కువున్నాయో చూసి, మర్నాటి చదువు ఆ గడితో మొదలుపెట్టండి.